ప్రొక్లెయిన్ కంటే ముందు మనిషి వెళ్లాలి

కాసేపు కూర్చో నాయనా. ఆ హెల్మెట్ తీసి అరుగు మీద పెట్టు, ఎవరూ ఎత్తుకుపోరు. ముందు మంచినీళ్లు తాగు. పొద్దున్నుంచీ చూస్తున్నాను, టేపు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే పరుగు. చదువుకున్న పిల్లాడివి, పని మీద శ్రద్ధ ఉన్నవాడివి, సాయంత్రానికల్లా పైవాళ్లకి లెక్క పంపాలన్న ఆత్రం నీది. తప్పనను. కానీ ఈ పూట ఈ వీధిలో పన్నెండు ఇళ్ల ముందు నిలబడ్డావు, ఒక్క ఇంటివాళ్లకైనా నువ్వెవరివో, ఎందుకొచ్చావో చెప్పావా? వాళ్లు అడగలేదంటావు. అడగరు నాయనా. చేతిలో టేపు, నెత్తి మీద టోపీ ఉన్నవాణ్ని మన ఊళ్లలో ఎవరూ అడగరు. నువ్వు వెళ్లిపోయాక ఒకళ్లనొకళ్లు అడుక్కుంటారు. ఆ అడుక్కోవడంలోంచే సగం గొడవలు పుడతాయి.

నేనూ ఈ పనిలోనే జుట్టు నెరిసినవాణ్ని. ఆర్ అండ్ బీలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై ఏళ్లు పైచిలుకు చేశాను. ఈ హైదరాబాద్–విజయవాడ రోడ్డుని తొమ్మిదో నంబరు అనే రోజుల నుంచీ ఎరుగుదును. 2010లో నంబర్లు మార్చి 65 అన్నారు, పుణె నుంచి మచిలీపట్నం దాకా అదే నంబరు. మా వయసువాళ్లం మాత్రం ఇప్పటికీ నైన్త్ హైవే అనే అంటాం. రెండు వరుసల రోజులు చూశాను. 2012 చివరికి నాలుగు వరుసలైంది, అదీ చూశాను. ఇప్పుడు ఆరు వరుసలంటున్నారు. రోడ్డు కావాలి, అందులో నాకేం అనుమానం లేదు. సంక్రాంతికి ముందు పంతంగి టోల్ దగ్గర చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి కార్లలో కూర్చున్న తల్లుల్ని చూస్తే ఎవరికైనా కావాలనే అనిపిస్తుంది. రోడ్డు వద్దని ఊరివాళ్లు కూడా అనరు. నాకు చెప్పకుండా నా వాకిట్లోకి వచ్చావేమిటి అంటారు, అంతే. అందుకే చెబుతున్నాను, ప్రొక్లెయిన్ కంటే ముందు మనిషి వెళ్లాలి. ఈ మాట ఇంకో నాలుగుసార్లు చెబుతాను, విసుక్కోకు.

నాలుగు వరుసల పనికి ముందు ఒక ఊళ్లో కట్టడాల కొలతలకి వెళ్లాను. రోడ్డు కోసం పోయే ఇళ్లకి, ప్రహరీలకి విలువ కట్టే పని మాది. ఒక పెంకుటింటి ముందు ముసలమ్మ ఒకావిడ శనక్కాయలు వలుచుకుంటోంది. మాతో వచ్చిన సర్వే కుర్రాడు ఆవిడ గోడ మీద ఎర్ర రంగుతో ఒక బాణం గుర్తు వేసి, పక్కన 4.2 అని రాశాడు. ఆ గోడ నుంచి లోపలికి నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల దాకా రోడ్డుకి పోతుందని దానర్థం. అంటే ఆవిడ ముందు గది, వంట చేసుకునే వసారా, రెండూ. ఆవిడ తలెత్తి చూసి, ‘ఓట్ల నంబరా అయ్యా’ అంది. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. నేను టేపు చుట్టుకుంటూ పక్కింటికి వెళ్లిపోయాను. చెప్పాల్సినవాళ్లు ఎవరో వచ్చి చెబుతారులే, మనకెందుకు అనుకున్నాను. ఎవరో అంటే ఎవరు? ఆ పూట ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డవాణ్ని నేనే కదా.

సంక్రాంతి వచ్చింది. పండగయ్యాక మళ్లీ ఆ వీధిలోకి వెళ్లాను. ఆవిడ గోడంతా సున్నం వేయించింది, గడపకి పసుపు రాసింది. ఆ ఎర్ర బాణాన్ని, ఆ అంకెని మాత్రం ముట్టుకోలేదు. దాని చుట్టూ బెత్తెడు జాగా వదిలి, చెదరకుండా, అంచులు కూడా తగలకుండా సున్నం వేయించింది. గవర్నమెంటు వాళ్లు రాసింది చెరపకూడదని. చూసి నాకు నోట మాట రాలేదు. అప్పుడైనా చెప్పానా అంటే, లేదు. ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకి మెషిన్ వచ్చింది. నోటీసు వచ్చిందట, ఆవిడ చదవలేదు, కొడుకు ఊళ్లో లేడు. సామాన్లు వీధిలో పెట్టుకుని కూర్చుని నన్ను గుర్తుపట్టింది. తిట్టలేదు. ‘ఆ రోజు ఒక్క మాట చెప్తే సున్నం డబ్బులన్నా మిగిలేవి కద అయ్యా’ అంది. పరిహారం సంగతి అడగలేదు, రోడ్డు ఎందుకని అడగలేదు. సున్నం డబ్బుల మాట అడిగింది. రిటైరై ఇన్నేళ్లయినా తెల్ల గోడ మధ్యలో ఎర్ర గుర్తు ఎక్కడ కనపడినా నాకు ఆ మాటే వినపడుతుంది. నీకు అలాంటి మాట మిగలకూడదనే ఇదంతా చెప్పడం.

మీ ఆఫీసులో ఒక మాట అంటారు, నేనూ అన్నవాణ్నే. ‘చట్టప్రకారం అన్నీ చేశాం’ అని. నిజమే, చట్టంలో కబురు చెప్పడం ఉంది. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం తీసి చూడు. భూమి కావాలనుకున్నప్పుడు 3ఏ కింద నోటిఫికేషన్ ఇవ్వాలి, దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. ఆ నోటిఫికేషన్ వెలువడిన నాటి నుంచి 21 రోజుల్లోగా అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇచ్చుకోవచ్చు, అధికారి వాళ్లని పిలిచి వినాలి. అది 3సీ. ఏడాదిలోగా 3డీ ప్రకటన రాకపోతే మొదటిది రద్దయిపోతుంది. వస్తే మాత్రం, ఆ రోజుతో భూమి కేంద్రానిది. ఆ తర్వాత పరిహారం తేల్చడానికి మళ్లీ పత్రికల్లో ప్రకటన. ఖాళీ చేయమని నోటీసిస్తే 60 రోజుల గడువు. అన్నీ ఉన్నాయి. కాగితం మీద ఏ లోటూ లేదు.

కానీ నాయనా, ఆ పత్రిక ప్రకటన ఎప్పుడైనా చదివావా? భూతద్దం పెట్టి చూడాల్సినంత చిన్న అక్షరాలు. ఊరి పేరు, దాని కింద వరసగా సర్వే నంబర్లు, విస్తీర్ణం హెక్టార్లలో. మన రైతుకి తన చేను ‘చింతచెట్టు కింది మడి’ అని తెలుసు, ‘బావి మీది చెలక’ అని తెలుసు. ఎకరాలు, గుంటలు తెలుసు. హెక్టారులో సున్నా పక్కన చుక్క పెట్టి మళ్లీ రెండు సున్నాలు పెట్టి అంకె వేస్తే అది తన వాకిలని ఆయనకెలా తెలియాలి? ఆ పేపరు ఆ రోజు ఆ ఊరికి ఎన్ని వస్తాయి? టీ కొట్టుకి ఒకటి, సర్పంచి ఇంటికి ఒకటి. సాయంత్రానికి దాంట్లో మిర్చి బజ్జీలు కడతారు. 21 రోజులు అలా బజ్జీల్లో కరిగిపోతాయి. ఇరవై రెండో రోజు కొడుకు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి ‘నాన్నా, మన సర్వే నంబరు పడిందంట కదా’ అంటాడు.

చట్టం పేపర్లో వేయమంది. వేసిన ఆ పేపరు పట్టుకుని ఊళ్లోకి వెళ్లవద్దని ఎక్కడా అనలేదు కదా! ప్రకటన వచ్చిన రోజే నువ్వు ఆ కాగితం తీసుకుని గ్రామ పంచాయతీకి వెళ్లు. హెక్టార్లని గుంటల్లోకి మార్చి, సర్వే నంబరు పక్కన ఆ చేను ఎవరిదో, ఊరివాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో రాసి, పెద్ద అక్షరాలతో గోడకి అంటించు. 21 రోజులు ఏ తేదీతో ముగుస్తాయో ఎర్ర సిరాతో రాయి. అభ్యంతరం ఎవరి పేరు మీద రాయాలో, ఎక్కడ ఇవ్వాలో చెప్పు. తెచ్చిన కాగితానికి ముద్ర కొట్టించుకుని నకలు దగ్గర పెట్టుకోమను. అభ్యంతరాలు ఎక్కువ వస్తే పని ఆలస్యమవుతుందని నీకు భయం. నా అనుభవం వేరు. 21 రోజుల్లో కాగితం మీద రాసే అవకాశం దొరికినవాడు తర్వాత మెషిన్ ముందు అడ్డంగా పడుకోడు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకునేది మనమే, తొందరపడి.

నేను చేరిన కొత్తలో మాకొక ఏఈ గారుండేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇప్పుడు నీకు చెబుతున్నాను, అప్పట్లో సగం కూడా వంటబట్టించుకోలేదు. ఏ ఊళ్లో రోడ్డు వెడల్పు చేయాలన్నా ఆయన ముందు రోజు సాయంత్రం తాడు, మేకులు, రెండు బస్తాల ముగ్గు పట్టించుకుని వెళ్లేవారు. రోడ్డు ఎంతదాకా వస్తుందో అంతదాకా వీధి పొడవునా తాడు లాగి ముగ్గు గీత పోయించేవారు. ఇళ్లకి పునాది తవ్వేముందు పోస్తామే, అలాగే. ప్లాను కాగితం పరిస్తే పదిమంది తలలూపి వెళ్లిపోతారయ్యా, వాళ్ల గడప ముందు ముగ్గు పోస్తే అర్థం కానివాళ్లు ఉండరు అనేవారు.

నిజంగా అంతే. గీత పడగానే ఇళ్లలోంచి ఆడవాళ్లు బయటికొచ్చేవాళ్లు. గీతకి ఇవతల ఒక కాలు, అవతల ఒక కాలు పెట్టి నిలబడి చూసుకునేవాళ్లు. ఒకావిడ వచ్చి, ఈ గీత మా తులసికోట మీదుగా పోతోంది, మూరెడు అటు జరిపితే మీ రోడ్డు ఇరుకైపోతుందా అని అడిగింది. ఆయన కోప్పడలేదు. టేపు తెప్పించి, వంగి తనే కొలిచారు. అక్కడ మురుగుకాలువ గోడని కొద్దిగా ఇవతలికి తీసుకుంటే సరిపోయింది. ఇంకో ఇంటాయన గోడ జరపమన్నాడు, అక్కడ కుదరదు, కుదరదనే చెప్పారు, ఎందుకు కుదరదో పావుగంట నిలబడి చెప్పారు. ఆయన మొహం మాడ్చుకున్నాడు గానీ మర్నాడు తనే మనుషుల్ని పెట్టి గోడ రాళ్లు జాగ్రత్తగా తీయించుకున్నాడు, వేరే చోట కట్టుకోవడానికి పనికొస్తాయని. ముందే తెలిసింది కాబట్టి రాళ్లు దక్కాయి. అదే తెల్లారి మెషిన్‌తో వెళ్తే రాళ్లూ పోయేవి, మర్యాదా పోయేది.

ముగ్గు రెండు బస్తాలు నాయనా. ఎంతవుతుంది?

ఇంక గ్రామసభ. ‘సభ పెట్టాం సార్, ఎవరూ రాలేదు’ అంటావు. ఎన్ని గంటలకి పెట్టావు? పదకొండింటికి. నాట్ల రోజుల్లో పదకొండింటికి ఊళ్లో ఎవరుంటారు, నడవలేని ముసలివాళ్లు తప్ప? నీకు ఆఫీసు టైము, వాళ్లకి చేను టైము. పొద్దు గుంకాక వెళ్లు. స్నానాలు చేసి, అన్నం పొయ్యి మీద పడేసి, గేదెల పాలు తీసి మనుషులు అరుగుల మీదికి వచ్చే వేళ ఒకటుంటుంది, అప్పుడు వెళ్లు. ఒకరోజు ముందు చాటింపు వేయించు. డప్పు చప్పుడు వినపడితే ఈనాటికీ చేతిలో పని ఆపి బయటికొస్తారు. వాట్సాప్‌లో పెట్టాం కదా అనకు. వాట్సాప్ ఎవరికి ఉందో వాళ్లకే చేరుతుంది. నేను చెప్పిన ముసలమ్మకి ఫోనే లేదు.

సభలో కుర్చీలేసి పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, వాళ్లు తలూపితే ఊరు తలూపిందనుకోకు. వెనక నిలబడ్డవాళ్లని చూడు. పాసుబుక్కులో పేరు మగాడిది, ఆ బావి దగ్గర నీళ్లు తోడేది ఆడమనిషి. బోరు ఎక్కడుందో, పశువులు ఏ దారిన పోతాయో, వాన వస్తే నీళ్లు ఎటు పారతాయో ఆవిడని అడగాలి. నీ ప్లానులో లేని నీటి దారి ఆవిడ చీపురుతో చూపిస్తుంది. కౌలుకి చేసుకునేవాడు సభకే రాడు, నా పేరు ఎక్కడా లేదు కదా నేనెందుకని. పోయేది అతను వేసిన పత్తి. ఆ భూమిలో ఏ రకమైన హక్కో లాభమో ఉన్నవాళ్లంతా వచ్చి చెప్పుకోవచ్చని పరిహారం ప్రకటనలోనే పిలుస్తారు, ఆ మాట అతని చెవిన వేయి. పక్కనే ఇంకో ఇంటికి తాళం ఉంటుంది. కొడుకులు హైదరాబాదులోనో, డల్లాస్‌లోనో ఉంటారు. తాళం మీద నోటీసు అంటించి ఫొటో తీసుకుని వచ్చేస్తే పని అయిపోయినట్టు కాదు. పక్కింటివాళ్లని అడిగితే రెండు నిమిషాల్లో నంబరిస్తారు. వాళ్లకి అది అర్ధరాత్రి కావచ్చు, అయినా తీస్తారు. సొంతూరి నంబరు చూసి ఎత్తనివాళ్లు ఎవరున్నారు?

రైతుతో మాట్లాడేటప్పుడు నీ క్యాలెండరు పక్కన పెట్టు. ‘జూలైలో పని మొదలు’ అంటే ఆయనకి పట్టదు. ఈసారి విత్తనం వేయాలా, వద్దా, అది చెప్పు. మృగశిర కార్తెకి ముందే చెప్పు. విత్తనం, ఎరువు, కూలి, దుక్కి ఖర్చు పెట్టాక, మొక్క మోకాలెత్తు పెరిగాక వచ్చి చెబితే నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఒకటే. పైరుకి కూడా డబ్బిస్తాం కదా అనకు. డబ్బు వచ్చే రోజు వేరు, షావుకారు అప్పు అడిగే రోజు వేరు.

నాలుగు వరుసలు అయినప్పుడు మా పక్క ఊరికి ఏమైందో చెప్పనా? ఊరు ఇటు, చేలు అటు. మధ్యలో డివైడర్ లేచింది. పూర్వం ఎడ్లబండి నేరుగా దాటేది, ఇప్పుడు దాటాలంటే కిలోమీటరు అటు పోయి తిరిగి రావాలి. కట్టేటప్పుడు ఊరివాళ్లు చూస్తూనే ఉన్నారు. వాళ్లు దాన్ని చెట్లు నాటే గట్టు అనుకున్నారు. ఎక్కడో ఒకచోట దారి వదులుతార్లే అనుకున్నారు. వాళ్లకెవరూ చెప్పలేదు, వాళ్లనెవరూ అడగలేదు. అంతా అయ్యాక తెలిసింది. అప్పుడు రాత్రిపూట రాళ్లు పీకి సందు చేసుకున్నారు, మీ వాళ్లు పూడ్చారు, మళ్లీ పీకారు. తిరిగి రావడం బరువై ఎదురు దారిలో బండ్లు నడపడం మొదలుపెట్టారు. పొద్దున్నే పాలక్యాన్లు బండికి కట్టుకుని అలా రాంగ్ రూట్లో వెళ్లిన ఒకతను తిరిగి ఇంటికి రాలేదు. తప్పు అతనిదే అని రాశారు. కాగితం ప్రకారం అతనిదే. కానీ ఆ డివైడర్ గీత కాగితం మీద ఉన్నప్పుడు ఎవరైనా ఆ ఊరికి వెళ్లి, మీరు చేలకి ఏ దారిన పోతారయ్యా అని ఒక్క పూట అడిగి ఉంటే? పశువులు దాటే చోట ఒక అండర్‌పాస్ పెట్టమని వాళ్లే చూపించేవాళ్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే నాయనా. గీత పెన్సిల్‌తో ఉన్నప్పుడు వెళ్లి చెప్పాలి, సిమెంటుతో ఉన్నప్పుడు కాదు.

కొన్ని పెద్ద రోడ్లకి ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉంది, 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద. కాలుష్య నియంత్రణ మండలి జరుపుతుంది, కలెక్టరో ఆయన తరఫువాళ్లో కూర్చుంటారు, కనీసం 30 రోజుల ముందు ప్రకటన వేయాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి, జరిగిందంతా వీడియో తీయాలి, చివర్లో ఎవరేమన్నారో అక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఆ చివరి మాట నాకు చాలా ఇష్టం. నువ్వన్నది నేను ఇలా రాసుకున్నాను, సరేనా అని ఎదుటివాడికి వినిపించడం. నీ రోడ్డుకి ఆ సభ అవసరం లేకపోయినా ఈ అలవాటు చేసుకో. ఎవరితో మాట్లాడినా లేచేముందు పుస్తకంలో రాసుకున్నది చదివి వినిపించు. మనిషి మొహం ఎలా విచ్చుకుంటుందో నువ్వే చూస్తావు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. నీ దగ్గర ప్లాను ఉంటుంది. రోడ్డు ఎటు వంగుతుందో, బైపాస్ ఎక్కడ విడిపోతుందో ఊరందరికంటే ముందు నీకు తెలుస్తుంది. ఇంటికి వెళ్లగానే మేనమామ అడుగుతాడు, బావ అడుగుతాడు. ‘ఎటు పోతోందిరా, మనకి ఒక్క మాట చెప్పు, ఒక అరెకరం కొనుక్కుంటాం’ అని. పెట్టినవాడు, పెంచినవాడు అడిగితే కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా చెప్పకు. నువ్వు బావకి చెప్పిన మాట తెల్లారేసరికి బ్రోకరు దగ్గరుంటుంది. ఆ వారంలోనే ఏమీ తెలియని ఒక విధవరాలి చేను చవగ్గా చేతులు మారిపోతుంది. ఇంకోచోట రోడ్డు వస్తుందన్న పుకారుకే భూమి కొనేవాడుండడు, బ్యాంకు అప్పివ్వదు, కూతురి పెళ్లికి అమ్ముకుందామన్న తండ్రి ఏళ్ల తరబడి అలాగే కూర్చుంటాడు. తీరా రోడ్డు ఆ పక్కకే రాదు. కబురు చెప్పడమంటే అందరికీ ఒకే రోజు, ఒకే నోటితో చెప్పడం. మేనమామకీ, మాలపల్లెలో చివరింటికీ ఒకే సాయంత్రం తెలియాలి. మామయ్య నాలుగు రోజులు అలుగుతాడు. అలగనీ.

మాట ఇచ్చే దగ్గర కూడా జాగ్రత్త. ‘చూద్దాంలే’ అనకు. నీ నోట్లో చూద్దాంలే అంటే కుదరదని, వినేవాళ్ల చెవిలో అయిపోయిందని. ‘వారంలో పూర్తి చేస్తాం’ అనకు, కంకర టిప్పర్ రాకపోతే నీ వారం నెలవుతుంది. తెలియకపోతే తెలియదను. గురువారం వచ్చి చెబుతానను. గురువారం వెళ్లు. నీ దగ్గర కొత్త సంగతి ఏమీ లేకపోయినా వెళ్లు. ‘ఇంకా తేలలేదమ్మా, పైనుంచి రాలేదు, వచ్చే గురువారం మళ్లీ వస్తాను’ అని చెప్పి రా. మీ అమ్మ సంగతి చూడు. నువ్వు రాత్రి ఆలస్యమవుతుందని ఒక్క ఫోన్ చేస్తే తను తినేసి పడుకుంటుంది. చేయకపోతే కంచం ముందు పెట్టుకుని పదకొండింటిదాకా గుమ్మంలోనే. రెండు రోజుల్లోనూ నువ్వు వచ్చేది అదే వేళకి. కానీ ఆవిడ గుండె పడిన పాటు ఒకటేనా?

పని మొదలయ్యాక ఊరిని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. నీళ్ల పైపు తవ్వకంలో తెగుతుందని నీకు ముందే తెలుసు కదా, అయితే ముందు రోజే చెప్పు, బిందెలు నింపుకుంటారు. కరెంటు తీసే గంటలు చెప్పు, పరీక్షలకి చదివే పిల్లలుంటారు. ఊళ్లో ముహూర్తాలు ఏ తేదీల్లో ఉన్నాయో అయ్యగారిని అడిగి రాసుకో, పెళ్లిపందిరి ముందు గుంత తవ్వకు. కొట్ల ముందు కాలువ తవ్విన రోజే దాటడానికి పలక వేయి. టీ కొట్టు మనిషికి ఒక్క రోజు గిరాకీ ఆగితే మర్నాటికి పాలు తెచ్చే డబ్బుండదు. దుమ్ముకి పూటపూటా నీళ్లు కొట్టించు. డైవర్షన్ బోర్డు తెలుగులో, మలుపుకి చాలా ముందు, రాత్రి మెరిసేట్టు పెట్టించు. హైవే మీద ఆపదొస్తే 1033 ఉందని అందరికీ చెప్పు. నీ సైటుకి మాత్రం ఒక మనిషి నంబరు బోర్డు మీద రాయి, ఆ ఫోన్ ఎత్తే మనిషికి ఆ పని తప్ప వేరే పని పెట్టకు. మోగి మోగి ఆగిపోయే నంబరు కంటే బోర్డు లేకపోవడమే నయం.

ఆ మలుపులో వేపచెట్టు కింద ముత్యాలమ్మ గుడి ఉంది చూడు, అది నీ గీతలోకి వస్తుంది. దాని గురించి ఎవరితోనూ ఫోన్లో మాట్లాడకు. చెప్పులు విడిచి వెళ్లి ఆ గద్దె ముందు నిలబడు, పెద్దల్ని పిలువు, అమ్మవారిని ఎక్కడికి చేర్చుకుందాం, ఏ రోజు మంచిదని వాళ్లనే అడుగు. రోజు వాళ్లే చెబుతారు, బోనం వాళ్లే ఎత్తుతారు, నిన్నూ భోజనానికి పిలుస్తారు. ఎంత పెద్ద ఆఫీసరు పోలీసుల్ని పెట్టుకుని వచ్చినా కదలని గద్దె, అడిగితే కదులుతుంది. మా రోజుల్లో ఇలా కదిలినవి నేను మూడు చూశాను.

చీకటి పడుతోంది, నిన్నిక ఆపను. రేపు ఈ వరసలో మిగిలిన ఇళ్లు చూడాలన్నావు కదా. లేచేముందు ఇటు తిరుగు. ఈ అరుగు వెనక, కిటికీ పక్కన చూడు. మీ కుర్రాడు మొన్న వేసి వెళ్లిన ఎర్ర బాణం. 2.6. నాకు అర్థమైంది, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఈ అరుగూ, ముందు గదిలో సగమూ. నా సంగతి తర్వాత చూద్దువుగాని. పక్కింటి గోడ మీద కూడా ఉంది. ఆ అమ్మాయి పోయిన ఏడాదే భర్త పోయాక పుట్టింటి నుంచి వచ్చి కుట్టుమిషను పెట్టుకుంది, రాత్రి నా దగ్గరికి వచ్చి ‘తాతా, ఆ అంకె ఏమిటి’ అని అడిగింది. చెప్పడం నా వంతు కాదమ్మా, చెప్పాల్సిన అబ్బాయి రేపు వస్తాడు అన్నాను. పొద్దున ఏడింటికల్లా వాకిలి ఊడ్చి ఉంటుంది. ముగ్గు నేను తెప్పించి ఉంచుతాను. ఆ ఇంటితో మొదలుపెట్టు.